ఏడిపించడం

కర్ణాటకలోని పావగడ తాలూకాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఆడపిల్లను అల్లరిపెట్టడాన్ని కన్నడంలో ‘చుడాయిసువుదు’ అంటారు, తెలుగులో ‘ఏడిపించడం’. ‘ఏడ్చు’కు ప్రేరణార్థకం ఇది, ఎవరి వల్ల ఎవరు ఏడుస్తున్నారో మాటలోనే ఉంది. వాడుక మాత్రం దాన్ని బావామరదళ్ల సరసంలో కలిపేసి, నేరాన్ని ఆటగా మార్చింది. వేళాకోళానికి ‘లైంగిక వేధింపు’ అని పేరుపెడితే ఇక కాలేజీలో నవ్వే ఉండదని కొందరి అభ్యంతరం. కానీ 2015 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు పట్టుకునేది నవ్వును కాదు, అవతలివారికి ఇష్టంలేని ప్రవర్తనను. సరసంలో ఇష్టం ఇద్దరిదీ (అనుకుందాం!). ఆ నిబంధనల్లో ఫిర్యాదుకు గడువు 3 నెలలు, విచారణకు 90 రోజులు. ‘ఊరికే ఏడిపించాడులే’ అని పెద్దలు తేల్చేస్తే, ఆ 3 నెలలూ ఫిర్యాదు రాయకుండానే గడిచిపోతాయి.