దెగ్లూరు తాలూకా – 1952 శాసనసభ ఎన్నికలు

నేడు మహారాష్ట్రలోని నాందేడు జిల్లాకు చెందిన దెగ్లూరు, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. కావున ఈ తాలూకా ప్రజల తొలి సార్వత్రిక ఎన్నికల చరిత్రను హైదరాబాదు శాసనసభ చరిత్రలోనే వెదకవలెను.

1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము పతనమైన పిదప సైనిక పాలనయు, 1950 నుండి వెల్లోడి ప్రభుత్వమును నడచినవి. ఈ రెంటిని ప్రజలు ఎన్నుకొనలేదు. 1952లో 21 యేండ్లు నిండిన స్త్రీ పురుషులకెల్ల వోటుహక్కు లభించెను. ప్రతి అభ్యర్థికిని వేరువేరు పెట్టెలుంచి, వానిపై గుర్తులు అంటించిరి. వోటరు తన చీటిని నచ్చిన పెట్టెలో వేసిన చాలును. తెలుగు చదివినవాడును, మరాఠీ చదివినవాడును, ఏదియు చదువనివాడును ఆ పెట్టెల యెదుట సమానులైరి.

మొత్తము 175 స్థానములలో కాంగ్రెసునకు 93, ప్రజాస్వామిక ఫ్రంటునకు 42 లభించినవి. కమ్యూనిస్టు పార్టీపై నిషేధముండుటచే ఆ పక్షమువారు ఫ్రంటు పేర పోటీచేసిరి. 1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి అయిరి.

అప్పటి రాష్ట్రమున 16 జిల్లాలు. వానిలో ఎనిమిది తెలుగు జిల్లాలు, అయిదు మరాఠీ, మూడు కన్నడ జిల్లాలు. నాందేడు మరాఠీ జిల్లాయే. అయినను దెగ్లూరు తెలుగువాడు వోటువేసిన శాసనసభలో అతని భాషకే పెద్దపీట యుండెను.

1956 నవంబరు 1న ఈ స్థితి మారెను. దెగ్లూరు తాలూకాలోని జుక్కల్, బిచ్కుంద సర్కిళ్లు ఆంధ్రప్రదేశమున చేరినవి. తక్కిన భాగము బొంబాయి రాష్ట్రమునకు పోయెను. 1957 ఎన్నికలలో ఒకే తాలూకావారు రెండు వేర్వేరు శాసనసభలకు ప్రతినిధుల నెన్నుకొనిరి. జుక్కల్, బిచ్కుందలు నేడు తెలంగాణలోని కామారెడ్డి జిల్లాలో నున్నవి. దెగ్లూరు 1960 మే 1 నుండి మహారాష్ట్రలోనిది.

సర్కిలు నొక్కదానిగా నెంచి గీత గీయవచ్చును. ఇంటింటి భాషను బట్టి గీయుట సాధ్యము కాదు. దెగ్లూరున మిగిలిన తెలుగువాడు ఊరు విడువలేదు, ఇల్లు మారలేదు. శాసనసభలో మాత్రము అతని భాష అల్పసంఖ్యాకుల భాష అయ్యెను. ఆ యేడే రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింప యత్నించుమని ప్రతి రాష్ట్రమును ఆదేశించుచున్నది. వోటు బలముచే రక్షణ పొందలేని భాషకు ఈ అధికరణమే ఆధారము. అయితే పిల్లలను తెలుగు బడికి పంపు తల్లిదండ్రులు లేనిచో ఆ ఆధారము కాగితముననే మిగులును.