నిదానం: ఒక మాట, రెండు అర్థాలు

తెలుగులో ‘నిదానం’ అంటే తొందరపాటు లేకపోవడం. సంస్కృత వైద్యగ్రంథాలలో అదే మాటకు రోగకారణమనీ, రోగనిర్ణయమనీ అర్థాలు. మాధవకరుని ‘మాధవనిదానం’ రోగాన్ని గుర్తుపట్టడానికే అంకితమైన గ్రంథం. ముందు రోగపరీక్ష, పిదప ఔషధవిచారం అన్నది చరకసంహిత చూపిన క్రమం.

ఈ రెండు అర్థాలూ కలిసి నిలవవలసిన చోటొకటి ఉంది. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా స్త్రీలకు మూత్రం జారిపోయే బాధ అది. మా ఉప్మాకలో వేంకటేశ్వరస్వామి కొండ మెట్లు ఎక్కడం మానుకున్న ఆడవారు మోకాళ్ళ నొప్పులంటారు. అందరికీ కారణం మోకాళ్ళే కాకపోవచ్చు. ‘ఒంటికి ఆగడం లేదు’ అన్న మాట కన్నకూతురి దగ్గర కూడా పెదవి దాటదు.

పరీక్షల చరిత్ర మాత్రం పాతదే. యోగరత్నాకరం చెప్పిన అష్టవిధ పరీక్షలలో మూత్రపరీక్ష ఒకటి. తెల్లవారుజామున పట్టిన మూత్రంలో నూనెబొట్టు వేసి, అది వ్యాపించే తీరును బట్టి రోగం సాధ్యమో అసాధ్యమో నిర్ణయించేవారు. అది మూత్రాన్ని చూసిన పరీక్షే గాని, దానిని నిలిపి ఉంచే కండరాల బలాన్ని చూసినది కాదు.

విశాఖపట్టణంలో వైద్యకళాశాల ఆరంభమైన 1923లోనే లండను వైద్యుడు విక్టర్ బానీ ఆ బలాన్ని చూసే ఉపాయమొకటి ప్రకటించాడు. రోగిని దగ్గమని చూడడం, తర్వాత మూత్రాశయ కంఠాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి మళ్ళీ దగ్గమనడం. జారడం ఆగితే శస్త్రచికిత్స ఫలిస్తుందని అంచనా. 1980వ దశకంలో పీడనాలు కొలిచి చూసినవారు, ఆ వేళ్ళు మూత్రనాళాన్నే నొక్కి మూసేస్తున్నాయని కనుగొన్నారు. పరీక్షకూ పరీక్ష తప్పలేదన్నమాట!

1927లో డి.కె. రోజ్ సిస్టోమీటరును ప్రవేశపెట్టాడు. మూత్రాశయాన్ని నింపుతూ లోపలి పీడనాన్ని కొలిచే సాధనమది. 1950వ దశకంలో డేవిడ్ డేవిస్ ఈ విద్యకు ‘యూరోడైనమిక్స్’ అని పేరు పెట్టాడు. దీని ప్రయోజనం చిన్నది కాదు. దగ్గుకు జారడం ఒక రకం, ఆత్రం పుట్టి దొడ్డిదాకా వెళ్ళేలోపే జారడం మరొక రకం. మొదటిదానికి 1948లో ఆర్నాల్డ్ కీగెల్ ప్రచారంలోకి తెచ్చిన కటికండరాల వ్యాయామం, అది చాలకపోతే శస్త్రచికిత్స. రెండవదానికి మూత్రాశయానికి అలవాటు నేర్పడం, మందులు. ఒకదానికి చేయవలసిన ఆపరేషను రెండవదానికి చేస్తే బాధ పెరగవచ్చు.

అయితే యంత్రపరీక్ష అందరికీ అవసరమా? అమెరికాలో 630 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితం 2012లో వెలువడింది. అందరిదీ ముఖ్యంగా దగ్గుకు జారే రకమే. యంత్రపరీక్ష తర్వాత శస్త్రచికిత్స పొందినవారిలో 76.9 శాతం, మామూలు పరీక్షతోనే పొందినవారిలో 77.2 శాతం ఏడాదికి మేలు పొందారు. మందులకు లొంగని ఆత్రపు రకం విషయంలోనూ యంత్రపరీక్ష వల్ల అదనపు ఉపశమనం కనబడలేదని 2025లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. మునుపు ఆపరేషను అయినవారికి, నరాల జబ్బులున్నవారికి, మూత్రం పూర్తిగా ఖాళీ కానివారికి మాత్రం ఆ యంత్రం అవసరం రావచ్చు.

దీన్ని పరీక్షలే వద్దనడంగా తీసుకోరాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతానికి కాస్త పైన, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అవన్నీ ఈ బాధకు చేసినవి కావు. కానీ ఏ ఇబ్బంది చెప్పుకున్నా ‘సంచీ తీయించేసుకో’ అనే సలహా మన ఊళ్ళలో తేలికగా దొరుకుతుంది. గర్భసంచి తీసినంత మాత్రాన మూత్రం జారడం ఆగదు.

అవసరమైనవి చిన్న పరీక్షలే. ఎప్పుడు, ఎలా జారుతున్నదో ఓపికగా అడగడం, మూడు రోజులు కాగితం మీద రాసుకోమనడం, దగ్గించి చూడడం, మూత్రంలో చీమూ చక్కెరా ఉన్నాయేమో చూడడం, మూత్రవిసర్జన తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూడడం. వీటిలో మొదటిదానికి పైసా ఖర్చు లేదు. అన్నిటికంటె అరుదుగా జరిగేదీ అదే.

బ్లాగ్మిత్రులారా, మీ ఇంటి పెద్ద ఆడవారు ప్రయాణాలూ పెళ్ళిళ్ళూ మానుకుంటుంటే కారణం నిదానంగా అడగండి. ఎవరైనా వెంటనే కత్తి పట్టమంటే, ముందు ఏ రకమో తేల్చమనండి. నిదానానికి రెండు అర్థాలూ అక్కడ అవసరమే.