కోలిన్ మాత్రలు

కోలిన్ మానవ శరీరానికి అత్యవసరమైన ఒక పోషక పదార్థం. దీనిని మాత్రలుగాను, పొడిగాను తయారు చేసి, జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను పెంచుతుందని చెప్పి విక్రయిస్తారు. కోలిన్‌ను బి విటమినుల సరసన చేరుస్తారు గాని, ఇది విటమిను కాదు. కొంత భాగం కాలేయంలోనే తయారవుతుంది. అది చాలదు కనుక మిగిలినది ఆహారం ద్వారా అందాలి. కోలిన్ లోపిస్తే కాలేయం, కండరాలు దెబ్బతింటాయన్నది రుజువైన విషయం. లోపం లేనివారు అదనంగా తీసుకుంటే బుద్ధి చురుకవుతుందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ఉన్న రుజువులను రెండవదానికి అంటగట్టడం వల్లనే ప్రకటనలు నమ్మదగినవిగా కనిపిస్తాయి.

చరిత్ర

జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ స్ట్రెకర్ పైత్యరసం నుండి వేరుచేసిన ఈ పదార్థానికి 1862లో కోలిన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఖోలే అనగా పైత్యరసం. ఇన్సులిన్ ఆవిష్కర్తలలో ఒకడైన చార్లెస్ బెస్ట్, అతని సహచరులు కాలేయంలో కొవ్వు పేరుకుపోకుండా కోలిన్ కాపాడుతుందని 1932లో కెనడాలో కనుగొన్నారు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1998లో దీనిని అవసరమైన పోషకాల జాబితాలో చేర్చింది.

మెదడులో కోలిన్ పాత్ర

1921లో ఆటో లోవీ రెండు కప్ప గుండెలతో చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. ఒక గుండెకు చెందిన వేగస్ నాడిని ప్రేరేపించగా ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండవ గుండెపై పోయగా అదీ నెమ్మదించింది. నాడి నుండి వెలువడిన ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. ఈ కృషికి లోవీ, హెన్రీ డేల్ 1936లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

జ్ఞాపకానికి, ఏకాగ్రతకు తోడ్పడే ఈ ఎసిటైల్‌కోలిన్ తయారీకి కోలిన్ ముడిసరుకు. కణాల పైపొరలలోని ఫాస్ఫాటిడిల్‌కోలిన్‌లో కూడా ఇది ఉంటుంది. అయితే నాడీకణం కోలిన్‌ను లోపలికి తీసుకునే వేగానికి ఒక హద్దు ఉంది. మగ్గం పక్కన నూలు కుప్పపోసినంత మాత్రాన నేత వేగం పెరగదు కదా!

పరిశోధనల ఫలితాలు

అల్జీమర్స్ వ్యాధితో మరణించినవారి మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైము బాగా తగ్గి ఉన్నట్లు 1976లో వెల్లడైంది. పార్కిన్సన్స్ వ్యాధిలో డోపమిన్‌కు ముడిసరుకైన లెవోడోపా ఇస్తే రోగికి ఉపశమనం కలుగుతుందని అప్పటికే తెలుసు. అదే తర్కంతో అల్జీమర్స్ రోగులకు కోలిన్‌ను, అది అధికంగా ఉండే లెసిథిన్‌ను ఇచ్చి చూశారు. చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. ముడిసరుకు ఉన్నా దానిని వాడుకోవలసిన కణాలే నశిస్తున్నప్పుడు ఫలితం ఆశించడం కష్టం. 1996లో అమెరికాలో అనుమతి పొందిన డోనెపెజిల్ అనే మందు మరొక మార్గంలో పనిచేస్తుంది: ఉన్న ఎసిటైల్‌కోలిన్ త్వరగా విచ్ఛిన్నం కాకుండా అడ్డుకుంటుంది. అదీ వ్యాధిని నయం చేయదు.

ఆరోగ్యవంతులైన యువతీ యువకులకు 2 నుండి 2.5 గ్రాముల కోలిన్ బైటార్ట్రేట్ ఇచ్చి నెదర్లాండ్స్ పరిశోధకులు చేసిన పరీక్షలలో జ్ఞాపకశక్తి తక్షణం పెరగలేదని 2016లో ప్రకటించారు. పరీక్షల ముందు పదవ తరగతి, ఇంటర్మీడియట్ పిల్లల కోసం జ్ఞాపకశక్తి మాత్రలు కొనే తల్లిదండ్రులు మన రాష్ట్రాలలో తక్కువేమీ కాదు. వారు గమనించవలసిన ఫలితమిది. చదివినది నిలవడానికి పిల్లవాడికి కావలసిన నిద్ర ఏ సీసాలోనూ దొరకదు.

2011లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1,391 మందిని పరిశీలించి, ఆహారంలో కోలిన్ ఎక్కువగా తీసుకునేవారు జ్ఞాపక పరీక్షలలో మెరుగ్గా ఉన్నట్లు తెలిపింది. అయితే అది మాత్రలకు సంబంధించినది కాదు. పైగా అటువంటివారి ఇతర ఆహారపు అలవాట్లూ మంచివై ఉండవచ్చు.

ఆశాజనకమైన ఫలితం గర్భిణుల విషయంలో వచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయం 2018లో ప్రకటించిన అధ్యయనంలో చివరి మూడు నెలలు రోజుకు 930 మి.గ్రా. కోలిన్ తీసుకున్న తల్లుల శిశువులు, 480 మి.గ్రా. తీసుకున్నవారి శిశువుల కంటే వేగంగా స్పందించారు. కాని ఆ అధ్యయనం చాలా చిన్నది.

మన దేశంలో పక్షవాతం వచ్చినవారికి వైద్యులు తరచుగా రాసే సిటికోలిన్ కూడా ఈ కుటుంబానికి చెందినదే. 2012లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో సుమారు 2,300 మంది పక్షవాత రోగులలో దీనికి, ఉత్తుత్తి మందుకు తేడా కనిపించలేదు.

ఆహారంలో కోలిన్

1998 నాటి అంచనా ప్రకారం పురుషులకు రోజుకు 550, స్త్రీలకు 425, గర్భిణులకు 450, పాలిచ్చే తల్లులకు 550 మి.గ్రా. తగినంతగా భావిస్తారు. ఒక పెద్ద కోడిగుడ్డులో సుమారు 147 మి.గ్రా. ఉంటుంది, దాదాపు అంతా పచ్చసొనలోనే. కొలెస్ట్రాల్ భయంతో పచ్చసొన పారవేసేవారు దీనినీ పారవేస్తున్నట్లే. కాలేయం మాంసంలో ఇంకా ఎక్కువ. శాకాహారులకు సోయా చిక్కుడు, పాలు, వేరుశనగ, కాలీఫ్లవర్, బంగాళాదుంప నుండి కొద్దికొద్దిగా లభిస్తుంది.

మోతాదు, దుష్ఫలితాలు

సీసాపై రాసిన బరువంతా కోలిన్ కాదు. కోలిన్ బైటార్ట్రేట్‌లో కోలిన్ సుమారు 41 శాతమే; 500 మి.గ్రా. మాత్రలో ఉండేది 200 మి.గ్రా.కు కాస్త ఎక్కువ. పెద్దలు రోజుకు 3.5 గ్రాముల కోలిన్‌ను మించరాదు. మోతాదు మించితే ఒంటికి చేపల వాసన, చెమటలు, వాంతులు, రక్తపోటు పడిపోవడం కలుగుతాయి. పేగులలోని బాక్టీరియా కోలిన్ నుండి తయారుచేసే ఒక పదార్థం కాలేయంలో మార్పు చెంది, గుండె జబ్బులకు దోహదం చేయవచ్చని 2011 నుండి పరిశోధనలు సూచిస్తున్నాయి.

వృద్ధులలో మతిమరుపు మొదలైనప్పుడు మాత్రలు మింగుతూ కాలయాపన చేయడం అసలైన ప్రమాదం. బి12 విటమిను లోపం, థైరాయిడ్ మాంద్యం వంటి కారణాలకు చికిత్స ఉంది. జలుబుకు, నిద్రకు వాడే డైఫెన్‌హైడ్రమిన్ వంటి కొన్ని మందులు ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుని తికమక కలిగిస్తాయి. అటువంటప్పుడు కొత్త మాత్ర చేర్చడానికి ముందు, వాడుతున్న మందులన్నీ వైద్యునికి చూపించాలి.