చెలికాండ్రు లేని బాల్యము

జాన్ స్టూఅర్టు మిల్లు 1806వ సంవత్సరమున లండనులో జన్మించెను. తండ్రి జేమ్సు మిల్లు భారతదేశమును కన్నులార చూడకయే దాని చరిత్రమును వ్రాసిన ఘనుడు! ఆ గ్రంథము వ్రాయుచున్న బల్లయొద్దనే కుమారునకు మూడవయేట గ్రీకుభాషను ప్రారంభించెను; ఎనిమిదవయేట లాటిను. పాఠశాలకు పంపలేదు, దుస్సాంగత్యము సోకునని యితర బాలురతో కలియనీయలేదు. తమ్ములు చెల్లెండ్రు గలరుగాని వారికిని ఇతడు ఒజ్జయే.

పదునాలుగవయేట ఫ్రాన్సులో నొక సంవత్సరము గడపినప్పుడుగాని, మనుష్యులు దాపఱికము లేక కలసిమెలసి యుండుట యెట్టిదో అతనికి తెలియలేదు. తిరిగివచ్చి 1822-23 శీతకాలమున యువకులతో నొక సమాజము స్థాపించెను. సభ్యులు పదిమందికి చేరలేదు. అందు తర్కము కలదు, సిద్ధాంతైక్యము కలదు. మనసు విప్పి చెప్పుకొను చనువు మాత్రము లేదని నాకు తోచును. ఏలయన, 1826లో ఘోరమైన నిర్వేదము క్రమ్మినపుడు తన స్థితి గ్రహింపగల మిత్రుడొక్కడును లేడనియు, తండ్రితో చెప్పుకొనుట పొసగదనియు 1873లో వెలువడిన స్వీయచరిత్రమున అతడే వ్రాసికొనెను.

జేమ్సు క్రూరుడు కాడు. తన తీరికనంతయు బిడ్డల చదువునకే ధారవోసెను. కాని ప్రేమను పైకి కనబఱచుటకు సిగ్గుపడెను. ఇంట నెఱుగని చనువును బాలుడు బయట నెట్లు చూపగలడు?

కడకు, మార్మాంటెలను ఫ్రెంచి రచయిత తన తండ్రి మరణమును, బాలుడైన తాను ఇంటివారికి అండగా నిలుచుటను వర్ణించిన పుట చదువుచు మిల్లు కన్నీరు విడిచెను. జాన్ స్టెర్లింగుతో గాఢమైన మైత్రి కుదిరినది అటు పిమ్మటనే.