ఓటు నుండి కుర్చీ దాకా



చరిత్ర పాఠం చెప్పేటప్పుడు మేము రెండు పేర్లు పక్కపక్కనే బోర్డుపై వ్రాస్తుంటాము. ఒకరు 1236లో ఢిల్లీ తఖ్తు ఎక్కిన రజియా సుల్తానా. మరొకరు అదే శతాబ్దంలో మన ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి. ఇద్దరినీ గద్దెకు వారసురాలిగా ఎంచుకొన్నది తండ్రే. సామాన్య స్త్రీకి అందులో హక్కేమీ లేదు.

ఆ హక్కు రాజ్యాంగంతో వచ్చింది. 1952 ఎన్నికలలో మాసూమా బేగం గారు శాలిబండ నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. 1957లో పత్తర్‌గట్టి నుండి గెలిచి, 1960లో సంజీవయ్య గారి ప్రభుత్వంలో మంత్రి అయినారు. పర్దా గట్టిగా ఉన్న రోజులవి. అయితే ఆమె తల్లి తయ్యబా బేగం గారు ఆనాడే పట్టభద్రురాలు. అంతటి తాలీమ్ ఎన్ని ఇళ్లలో ఉండేది?

అందుకే చట్టం కావలసి వచ్చింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలై, పంచాయతీలలో మూడోవంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. మన రాష్ట్రంలో 2011లో అది సగమైంది. 2018 తెలంగాణ చట్టమూ దానినే నిలిపింది. శాసనసభకు, లోక్‌సభకు మూడోవంతు ఇస్తూ 2023లో 106వ సవరణ వచ్చింది గాని, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తరువాతనే అమలని అందులో వ్రాసి ఉన్నది.

మన కొత్తగూడ ఏజెన్సీ మండలం. షెడ్యూల్డు ప్రాంతంలో సర్పంచి పదవి గిరిజనులకే, అది న్యాయమే. మన ములుగు నియోజకవర్గం నుండి గెలిచిన కోయ ఆడబిడ్డ సీతక్క గారు 2023లో పంచాయతీరాజ్ మంత్రి అయినారు. మన ఆడవాళ్లకు రిజర్వు కాని వార్డులున్నాయి.

కాని ఒక ఊళ్లో మేము చూచిన సంగతి చెప్పుతాము. సమావేశంలో మెంబరమ్మ భర్త కూర్చున్నాడు. రిజిస్టరు ఇంటికి వస్తే ఆమె సంతకం పెట్టింది. "ఏం వ్రాసుందమ్మా?" అని అడిగాము. "తెలుగులో ఉంది గదా సార్, ఆయనకే తెలుసు" అన్నది. ఆమె మా వద్ద చదివిన పిల్లే! ఉర్దూ ముత్యాల్లా వ్రాస్తుంది. తెలుగులో దరఖాస్తు వ్రాయడం మేమే నేర్పలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కనుక మన సంఘానికి మా మనవి: ప్రతి ఆదివారం ఆడవాళ్లకు ఒక గంట తెలుగు తరగతి పెట్టండి. చెప్పడానికి మేము సిద్ధం. నాడు గద్దెకు తండ్రి ఎంచుకొన్నాడు, నేడు కుర్చీ చట్టం ఇచ్చింది. రిజిస్టరు చదివి సంతకం పెట్టే శక్తి మాత్రం మనమే ఇవ్వాలి.