హైదరాబాదు రాష్ట్రమున తెలుగు పత్రికారచన: తొలి అడుగులు

పత్రికారచనను జీవితవృత్తిగా గైకొనదలచిన యువకునకు నేడు మార్గము కొంత స్పష్టముగనే కానవచ్చును. విశ్వవిద్యాలయములలో శిక్షణ కలదు. పెద్ద పత్రికల కార్యాలయములు కలవు. పని నేర్పు పెద్దలును ఉందురు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనకు ప్రత్యేక శాఖ 1954లో ఏర్పడినది. అంతకు ముప్పదియేండ్లకు పూర్వము అదే నగరమున తెలుగు పత్రికారచయిత కాగోరినవాని స్థితి వేఱు. అతడు ఉద్యోగమునకై ఒకరి తలుపు తట్టుటకు వీలులేదు. ఆ తలుపును, దాని వెనుకనుండు ఇంటిని అతడే కట్టుకొనవలసి యుండెను.

అట్టి స్థితి యేల కలిగెనో కొంచెము తెలిసికొనుట అవసరము. నిజాము రాజ్యమున 1884లో పారసీకమునకు మాఱుగా ఉర్దూ రాజభాష యయ్యెను. 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష ఉర్దూయే. కచేరీలో, న్యాయస్థానములో, ఉన్నతవిద్యలో తెలుగునకు చోటు లేకుండెను. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములే తెలుగువారికి ఆశ్రయము. 1921 నవంబరులో నగరమందలి వివేకవర్ధినీ నాటకశాలలో కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. ఇతర భాషలలో మాటాడినవారిని సభ శాంతముగా వినెను. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబూనగానే కొందఱు అల్లరి చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు దానిని పెంచి పోషించిరి.

సభలో నోరు విప్పనీయని చోట అచ్చులో మాటాడుట ఎట్లు? బందరునుండి కృష్ణాపత్రికయు, మదరాసునుండి ఆంధ్రపత్రికయు వచ్చుచుండెను. కాని ఇచ్చటి పల్లెలో పటేలు పట్వారీలు చేయు దౌష్ట్యమును, వెట్టిచాకిరిచే నలిగిన కుటుంబపు గోడును చెప్పుటకు ఇచ్చటి పత్రికయే కావలెను. దానికి ప్రభుత్వపు అనుమతి మొదటి అడ్డంకి, ముద్రాయంత్రము రెండవది, చదువువారి కొఱత మూడవది.

1922లో రెండు పత్రికలు ఈ అడ్డంకులను దాటి వెలువడినవి. నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను నడపిరి. ఇనుగుర్తి యను పల్లెనుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెలుగు పత్రికను వెలువరించిరి. ఇనుగుర్తి నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. పల్లెటూర అచ్చుయంత్రము నిలుపుట యెంతపని యో ఆలోచింపుడు. తెలుగు అక్షరమునకు గుణింతములు, వత్తులు చేరుటచే ఆంగ్లమునకంటె ఎన్నో రెట్లు ఎక్కువ అచ్చుదిమ్మలు కావలెను. వానిని ఒక్కొక్కటిగా ఏఱి కూర్చవలెను. తప్పులు దిద్దవలెను. అచ్చువేసిన పిదప దిమ్మలను మరల విడదీసి గళ్ళలో పోయవలెను. అట్టిచోట సంపాదకుడనగా వ్రాయువాడు మాత్రమే కాడు. కూర్పు మొదలుకొని తపాలా వఱకు ప్రతిపనియు ఎఱిగినవాడై యుండవలెను. ఆ రెండు పత్రికలును కొలదియేండ్లకే ఆగిపోయినవి. అయినను తెలుగు పత్రిక వచ్చినచో చదువువారున్నారను సత్యమును అవి ఋజువు చేసినవి.

ఆ సత్యమును నమ్మి రంగమున దిగినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. పాలమూరు ప్రాంతమున 1896లో జనించి, బి.ఏ., బి.ఎల్. పట్టములను పొందిన ఆయనకు న్యాయవాదవృత్తి సిద్ధముగనే యుండెను. ఆ కాలమున వకీలునకు ధనమును, గౌరవమును కొదువ లేదు. ఆయన రెండింటిని ప్రక్కకు నెట్టి, 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రికను ప్రారంభించిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదికి లోపలనే. కొత్వాలుగానుండిన రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారి వంటి పెద్దల తోడ్పాటు ఆ పత్రికకు లభించెను. వారమునకు రెండు మార్లు అది వెలువడుచుండెను.

పత్రిక పుట్టిన తోడనే రచయితలు పుట్టరుగదా! భావకవి రామమూర్తి వంటి మాఱుపేర్లతో ప్రతాపరెడ్డిగారు తామే వ్రాసిరి. సంపాదకీయము, చరిత్ర వ్యాసము, హాస్యము, గ్రంథవిమర్శ మున్నగు వానినన్నిటిని ఒకే కలము నింపవలసి వచ్చినప్పుడు పాఠకునకు పలుగొంతులు వినిపించుటకు అది యొక ఉపాయము. కాని సంపాదకుని అసలు విజయము తాను పదిపేర్లతో వ్రాయుటలో లేదు. పదిమంది తమ స్వంతపేర్లతో వ్రాయునట్లు చేయుటలో నున్నది. గోలకొండ పత్రిక ఆ పనిని చేసెను. మారుమూల గ్రామములనుండి ఉపాధ్యాయులును, విద్యార్థులును తమ తొలి రచనలను దానికే పంపుచుండిరి. తొలిసారి తన పేరును అచ్చులో చూచుకొనిన యువకుడు మరల వ్రాయక మానడు.

ఇందులకు గొప్ప నిదర్శనము 1934లో ప్రకటితమైన గోలకొండ కవుల సంచిక. నిజాము రాష్ట్రమున తెలుగుకవులే లేరను మాట యొకటి అచ్చులో వెలువడెను. దానికి కోపముతో ఒక సంపాదకీయము వ్రాసి ఊరకుండుట సులభము. ప్రతాపరెడ్డిగారు అట్లు చేయలేదు. ఊరూరనుండి కవుల వివరములను, పద్యములను సేకరించి, 354 మంది కవులను ఒకే సంపుటమున నిలిపి చూపిరి. ఇది వాదము కాదు, సాక్ష్యము. పత్రికారచనకు నూతనముగా వచ్చువారు నేర్వదగిన మొదటి పాఠము ఇదియే. ఆరోపణకు ఆరోపణ సమాధానము కానేరదు. అడిగి, వెదకి, సరిచూచి ముందుంచిన విషయమే సమాధానము.

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్రమహాసభకు ఆయనయే అధ్యక్షులు. తొమ్మిదేండ్లకు పూర్వము తెలుగు ప్రసంగమును విననొల్లని సభ జరిగిన రాష్ట్రముననే తెలుగువారు తమ సభను తాము జరుపుకొనిరి. ఆ మార్పు తెచ్చినవారు అనేకులు. అందులో పత్రిక పాలు చిన్నది కాదు.

1949లో వెలువడిన ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కూడ పత్రికారచయిత దృష్టియే కానవచ్చును. రాజుల యుద్ధములను విడిచి, ప్రజలేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అని ఆ గ్రంథము ప్రశ్నించును. పల్లెల కష్టసుఖములను గూర్చి యేండ్ల తరబడి వ్రాసినవానికి అట్టి ప్రశ్నలు సహజము. ప్రతాపరెడ్డిగారు 1953లో దివంగతులైరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన తొలి పురస్కారము ఈ గ్రంథమునకే దక్కినది.

నేటి యువకునకు ఇల్లు కట్టబడియే యున్నది, తలుపు తెఱచియే యున్నది. కాని లోపల అడుగిడిన తోడనే ఎవ్వరి గొంతు ఇంకను అచ్చునకు రాలేదో ఆలోచించుకొనవలసిన బాధ్యత మాత్రము 1926లో ఎట్లుండెనో నేడును అట్లే యున్నది.