వస్తువొక్కటి, పాకము వేఱు



చరిత్ర యనగానే రాజుల పేరులును, యుద్ధముల తేదీలును మనకు స్ఫురించును. ఒక వస్తువు మనుష్యుని చేతిలో ఎట్లు మాఱినదో తెలుపునదియు చరిత్రయే. అందుకు వాడపల్లి సీమ చక్కని నిదర్శనము.

గౌతమీతీరమున వేంకటేశ్వరస్వామి ఆలయముచే ప్రసిద్ధమైన ఈ గ్రామము ఆత్రేయపురము మండలములోనిది. ఆత్రేయపురమనిన పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. వానికి మూలము బియ్యమే. మన యింటి అన్నమునకును, అట్టునకును గూడ అదియే మూలము. భేదమంతయు పాకమునందున్నది.

బియ్యమును నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలవలె పలుచన చేయుదురు. బోర్లించిన కుండ క్రింద ఎండు కొబ్బరాకులు మండుచుండును. పలుచని గుడ్డను పిండిలో ముంచి కుండవీపుపై ఒక్కమాఱు లాగుదురు. పూత పడిన క్షణముననే రేకు లేచును. పిండిలోని గంజి వేడినీటితో ఉబ్బి అల్లుకొనును. నీరు వెంటనే ఆవిరియగుటచే ఆ యల్లిక అట్లే నిలిచిపోవును. పిండి చిక్కనైనచో రేకు అట్టగును. సెగ తగ్గినచో కుండను వదలదు. హెచ్చినచో మాడి చిట్లును. ఆఱిన రేకు పెళుసు. కొంచెము తడి తగిలినచో మడతకు లొంగును. అందుచేతనే నేయియు, బెల్లపుపొడియు వేయుటకు ముందు తడిగుడ్డతో అద్దుదురు. ఇదియంతయు స్త్రీలు కంటితోను, చేతితోను నిర్ణయించిన శాస్త్రము.

ఈ సీమకు వరిని సమృద్ధిగా నొసగిన ఆనకట్టను తలంచినను ఈ న్యాయమే కనబడును. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ దొర 1847లో ప్రారంభించిన నిర్మాణము 1852లో ముగిసినది. ఆ కాలపు రాతికట్టుబడికి సున్నమే ఆధారము. సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీటితో విరియించి, ఇసుకతో గానుగలో నూఱుట మన పనివాండ్రెఱిగిన పద్ధతి. కాల్పు చాలనిచో లోపల రాయి రాయిగనే మిగులును. మితిమీఱినచో ఆ పలుకులు సకాలమున విరియక, గోడ కట్టిన పిమ్మట ఉబ్బి పూతను పగులగొట్టును. గానుగ తగినంత తిరుగనిచో ఇసుకకు సున్నము సమముగా పట్టదు.

యంత్రయుగమునందును ఈ న్యాయము మాఱలేదు. నూనె తీసిన సోయాపిండిని తడిపి, వేడిలో, ఒత్తిడితో సన్నని రంధ్రమునుండి నెట్టినచో అందలి మాంసకృత్తులు విప్పుకొని పీచుగా అల్లుకొనును. అంగళ్లలోని మీల్ మేకర్ అట్టిదే. పాత తారురోడ్డును గీకి మరల వాడునపుడును సెగయే ప్రధానము. సెగ తక్కువైనచో పాత తారు క్రొత్తదానితో కలియదు. ఎక్కువైనచో గట్టిపడి, బాట త్వరలోనే బీటలువాఱును.

2023లో ఆత్రేయపురము పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరిపేరునకు రక్షణ కలిగినది, సంతోషము. కాని పేరు కాగితముపై నిలుచును, పాకము చేతులలో నిలుచును. ఆనకట్ట కట్టించిన దొర పేరు మనమెఱుగుదుము. గానుగ త్రిప్పినవారి పేరులు ఎఱుగము. రేకు తీయు తల్లుల విషయమున ఈ పొరపాటు మరల జరుగరాదు. వారి నేర్పును వారి పేరులతోనే వ్రాసియుంచవలెను. గుర్తింపువలన వచ్చు లాభములో పొగకును, సెగకును ఓర్చి కూర్చున్నవారికి తగిన పాలు ముట్టవలెను. లేనిచో వారి కుమార్తెలు ఈ పని నేర్వరు. అప్పుడు బియ్యముండును, కుండయుండును. రేకు తీయు చేయి మాత్రము ఉండదు.